ఎస్-హెచ్ జతతో మొదలుపెట్టండి: చిన్న ఇంగ్లీషు మాటలు ఇంట్లోనే చదివించడం ఎలా

సాయంత్రం ట్యూషన్ అయ్యాక పిల్లల్ని తీసుకెళ్లడానికి వచ్చే అమ్మలు గేటు దగ్గర నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే. “టీచర్ గారూ, మావాడికి ఏబీసీడీలన్నీ వచ్చండీ. పుస్తకం తెరిస్తే మాత్రం ఎస్, హెచ్, ఐ, పి అని అక్షరాలు చదివి ఊరుకుంటాడు. మాట పలకడు. ఏం చెయ్యమంటారు?” విజయవాడ సత్యనారాయణపురంలో పిల్లలకి చదువు చెబుతున్నన్నాళ్లుగా ఈ ప్రశ్న వింటూనే ఉన్నాను. గేటు దగ్గర నిలబడి రెండు ముక్కల్లో చెప్తే సగమే అర్థమవుతుంది. అందుకని మొత్తం వరసగా రాస్తున్నాను.

ముందు ఒక మాట. అందులో పిల్లవాడి తప్పేమీ లేదు. తెలుగులో ‘ష’ అనే ధ్వనికి ఒక అక్షరం ఉంది, చూస్తాడు, పలుకుతాడు. ఇంగ్లీషుకి ఉన్నవి 26 అక్షరాలు, పలకాల్సిన ధ్వనులు దాదాపు 44. అక్షరాలు చాలని చోట రెండేసి కలిసి ఒకే ధ్వని ఇస్తాయి. ఎస్ పక్కన హెచ్ నిలబడితే అక్కడ ఎస్ ధ్వనీ ఉండదు, హెచ్ ధ్వనీ ఉండదు, ‘ష్’ ఒక్కటే ఉంటుంది. ఈ సంగతి ఎవరూ విడమర్చి చెప్పకపోతే ఏ పిల్లవాడైనా అక్షరాల పేర్ల దగ్గరే ఆగిపోతాడు. మీకు కావలసిన సిద్ధాంతం ఇంతే.

ఇలాంటి జతలు చాలా ఉన్నాయి. నేను ఎస్-హెచ్‌తోనే మొదలుపెట్టమంటాను. చిన్న మాటల్లో ఈ జత మోసం చెయ్యదు, ఎక్కడ కనపడినా ‘ష్’ అనే పలుకుతుంది. ఇంకో కారణం నాకు మరీ ముఖ్యం. ఈ జత ఉన్న మాటలు మన ఇళ్లలో ముందే ఉన్నాయి. పొద్దున్నే బ్రష్షు, బస్సులో రష్షు, హోటల్ కౌంటర్లో క్యాషు, కిటికీకి దోమల మెష్షు, సందు చివర షాపు, ఆటోనగర్‌లో షెడ్డు. మీ పిల్లలకి కొత్త భాష నేర్పుతున్నామని భయపడకండి. నోట్లో ఉన్న మాటకి కాగితం మీద రూపం చూపిస్తున్నారు, అంతే.

ఇది యూకేజీ నుంచి రెండో తరగతి దాకా పిల్లలకి సరిపోతుంది. ఇంగ్లీషు చదవడం మీకే రాదనుకుంటే పిల్లలతో పాటు మీరూ ఇదే వరసలో నేర్చుకోవచ్చు. మా ట్యూషన్‌కి వచ్చే ఒక బాబు వాళ్ల నాయనమ్మ గారు అలాగే నేర్చుకున్నారు.

కావలసినవి

పాత శుభలేఖలు ఓ పది. వెనకవైపు తెల్లగా, గట్టిగా ఉంటాయి కాబట్టి అట్టముక్కల్లా కత్తిరించుకుంటే చక్కటి కార్డులవుతాయి. రెండు రంగుల స్కెచ్ పెన్నులు. పలక, బలపం. నాలుగు గీతల నోటుపుస్తకం. కార్డులు దాచుకోవడానికి ఖాళీ బిస్కెట్ డబ్బా. రోజుకి పావుగంట సమయం, అంతకు మించి వద్దు. పిల్ల ఇంకా కావాలని అడిగినా ఆపేయండి, రేపు తనే డబ్బా పట్టుకుని వస్తుంది.

ఇక్కడ నేను ఇంగ్లీషు అక్షరాలను వాటి పేర్లతో రాస్తున్నాను. మీరు కార్డుల మీద మాత్రం ఇంగ్లీషు అక్షరాలే రాయాలి, అదీ చిన్న బడి అక్షరాలు, అంటే స్మాల్ లెటర్స్.

1. ముందు చెవికి పని చెప్పండి

మొదటి రెండు రోజులు కార్డులు బయటికి తియ్యకండి. మూడు మాటలు చెప్పి, ‘ష్’ ఎందులో వినపడిందో అడగండి: ఫిష్, కప్, పెన్. తర్వాత: బస్, డిష్, బాల్. ఇది సులువుగా వచ్చేశాక దగ్గరదగ్గరగా ఉండే మాటలివ్వండి. సిప్, షిప్. సెల్, షెల్. మెస్, మెష్. ఈ చివరి జంట మా పిల్లలకి చాలా ఇష్టం. హాస్టల్ అన్నయ్యలు అన్నం తినేది మెస్‌లో, దోమల్ని ఆపేది మెష్. ఒక్క ధ్వని మారితే ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్లామో వాళ్లకే తెలుస్తుంది.

కొంతమంది పిల్లలు రెండింటినీ ‘స్’ అనే పలుకుతారు. మన చుట్టుపక్కల ఊళ్లలో పెద్దవాళ్లు చాలామంది సాపు, సర్టు అంటారు, పిల్లలకి ఆ పలుకుబడే అలవాటవుతుంది. నాయనమ్మ అన్న మాట తప్పని పిల్లల ముందు దయచేసి అనకండి. అది ఆవిడ మాట, ఆవిడకి అలాగే అందం. పిల్లకి మాత్రం ఇలా చూపించండి: పాము బుసకొడితే ‘స్స్’, చంటిపాప నిద్రపోతుంటే మాట్లాడొద్దని చెప్పేది ‘ష్ష్’. మొదటిదానికి పెదవులు పక్కలకి సాగుతాయి, రెండోదానికి కాస్త ముందుకొస్తాయి. అద్దం ముందు నిలబెట్టి చూపిస్తే రెండు మూడు రోజుల్లో పట్టేస్తారు.

చెవికి తేడా తెలియకుండా అక్షరాల దగ్గరికి వెళ్లొద్దు. తర్వాత వచ్చే తప్పుల్లో సగం ఇక్కడ తొందరపడ్డందువల్లే వస్తాయి.

2. జతని ఒక్క ముడి వెయ్యండి

ఒక కార్డు మీద ఎస్, హెచ్ పక్కపక్కన ఎరుపు రంగుతో రాయండి. రెండింటి కింద కలిపి ఒకే గీత గియ్యండి. కార్డు చూపించి ‘ష్’ అనండి. “ఎస్-హెచ్ కలిస్తే ష్” అని పద్యంలా చెప్పించకండి. కార్డు చూడగానే నోట్లోంచి ‘ష్’ ఒక్కటే రావాలి. పిల్ల అక్షరాల పేర్లు చెప్తే “పేర్లొద్దమ్మా, పలుకు చెప్పు” అనండి. బడిలో పేర్లే అలవాటు చేసి ఉంటారు కాబట్టి ఒక వారం ఓపిక పట్టాల్సిందే.

ఇక నుంచి ఏ మాట రాసినా ఆ జత ఎరుపులో, మిగతా అక్షరాలు నీలంలో ఉండాలి.

3. గుణింతం సాయంతో కలిపి చదివించండి

ఇది మన పిల్లలకి దేవుడిచ్చిన మెట్టు. షి, షె, షా అనే గుణింతం, చివర పొల్లు వాళ్లకి ముందే తెలుసు. షిప్ అంటే ‘షి’ పక్కన ‘ప్’ పొల్లు. అందుకే ‘ష్... ఇ... ప్’ అని మూడు ముక్కలుగా సాగదియ్యడం కంటే ‘షి... ప్’ అని రెండు ముక్కలుగా పలికిస్తే త్వరగా కలుస్తుంది. కార్డు మీద చివరి అక్షరాన్ని అరచేత్తో మూసి ముందు ‘షి’ అనిపించండి, చెయ్యి తీసి ‘ప్’ అనిపించండి. తెలుగు అక్షరాలు ఇంకా రాని పిల్లలైతే గుణింతం పేరెత్తకండి, నోటితో ఇదే పద్ధతి చెయ్యండి.

జత ముందున్న మాటలు మొదట, చివర ఉన్నవి తర్వాత. మొదటి విడతకి ఇవి చాలు:

షిప్: ఎస్-హెచ్-ఐ-పి. ఓడ.
షాప్: ఎస్-హెచ్-ఓ-పి. కొట్టు.
షట్: ఎస్-హెచ్-యు-టి. మూయడం.
షెడ్: ఎస్-హెచ్-ఈ-డి. రేకుల కొట్టం.
ఫిష్: ఎఫ్-ఐ-ఎస్-హెచ్. చేప.
డిష్: డి-ఐ-ఎస్-హెచ్. వడ్డించే గిన్నె, వంటకం.
విష్: డబ్ల్యు-ఐ-ఎస్-హెచ్. కోరుకోవడం, కోరిక.
క్యాష్: సి-ఏ-ఎస్-హెచ్. నగదు.
మెష్: ఎమ్-ఈ-ఎస్-హెచ్. జాలీ.
రష్: ఆర్-యు-ఎస్-హెచ్. హడావుడిగా వెళ్లడం.

రోజుకి మూడు కొత్తవి, నిన్నటివి అన్నీ. అంతకంటే ఎక్కువ పెట్టకండి.

పుష్, బుష్, వాష్ అనే మూడింటినీ ఈ విడతలో కలపొద్దు. రష్‌లో యు అక్షరం ‘అ’లా పలుకుతుంది, పుష్‌లో, బుష్‌లో అదే యు ‘ఉ’లా పలుకుతుంది. వాష్‌లో ‘ఏ’ అనే అక్షరం క్యాష్‌లో లాగా పలకదు. జత మూడింటిలోనూ ‘ష్’ అనే పలుకుతుంది, మారింది మధ్య అచ్చు. పిల్ల పుష్‌ని ‘పష్’ అని చదివితే నేర్పిన ప్రకారం చదివినట్టే, అందుకు కోప్పడకూడదు. మొదటి పదీ గట్టిపడ్డాక ఈ మూడూ విడిగా చెప్పండి.

ఇక్కడ ఒక హెచ్చరిక, నా అనుభవం మీద చెప్తున్నాను. మొదట్లో నేను ప్రతి ఇంగ్లీషు మాట కింద తెలుగులో ఉచ్చారణ రాసిచ్చేదాన్ని. పిల్లలు గడగడా చదివేవారు. ఒకరోజు తెలుగు వరసని కాగితంతో కప్పి చదవమంటే ఒక్కరు కూడా కదల్లేదు. అన్నాళ్లూ వాళ్లు చదివింది తెలుగే. నెల రోజుల పని మళ్లీ మొదటి నుంచి చేయాల్సి వచ్చింది. కార్డు ముందువైపు తెలుగు అక్షరం ఒక్కటి కూడా ఉండకూడదు. అర్థం రాసుకోవాలనుకుంటే వెనకవైపు రాయండి.

4. అర్థాన్ని వస్తువుతోనో, పనితోనో చూపించండి

“షట్ అంటే మూయుట, షాప్ అంటే దుకాణము” అని బట్టీ పట్టిస్తే పరీక్షలో రాస్తారు, తర్వాత మర్చిపోతారు. షట్ కార్డు చదివిన పిల్ల లేచి తలుపు మూసి రావాలి. మెష్ చదివితే వెళ్లి కిటికీ ముట్టుకోవాలి. డిష్‌కి వంటింట్లోంచి గిన్నె తేవాలి. చేత్తో చూపించలేని విష్ లాంటి వాటికి ఇంటి సంగతి ఒకటి చెప్పండి: “మొన్న కేకు కోసేటప్పుడు కళ్లు మూసుకుని ఏం కోరుకున్నావు? అదే విష్.”

అన్నిటికంటే జాగ్రత్తగా ఉండాల్సింది, మనం తెలుగులో వాడే ఇంగ్లీషు మాటల దగ్గర. ఆ మాటలకి మన నోట్లో అర్థం కొంచెం జరిగింది.

రష్: “బస్సు రష్షుగా ఉంది” అంటే మనకి జనం కిక్కిరిసి ఉన్నారని. ఇంగ్లీషు కథలో పిల్లవాడు ఇంటికి రష్ అయ్యాడంటే గుంపుగా ఉన్నాడని కాదు, పరుగున వెళ్లాడని.

షెడ్: విజయవాడలో పెరిగిన పిల్లకి షెడ్డంటే లారీలు, కార్లు బాగుచేసే చోటు. ఇంగ్లీషు బొమ్మల పుస్తకంలో షెడ్ అంటే పెరట్లో పనిముట్లు పెట్టుకునే చిన్న కొట్టం. చెట్టు ఆకుల్ని షెడ్ చేసిందంటే రాల్చిందని అర్థం, అక్కడ రేకులూ లేవు, లారీలూ లేవు.

ఫ్రెష్: “ఫ్రెష్ అయి రండి, భోంచేద్దాం” అంటాం. కాళ్లూ మొహం కడుక్కు రమ్మని. పుస్తకంలో కూరగాయలు ఫ్రెష్ అంటే తాజావి.

షిప్: భవానీ ద్వీపానికి తీసుకెళ్లేదాన్ని షిప్ అని మా పిల్లలు చాలామంది అంటారు. అది బోటు. షిప్ సముద్రం మీద వెళ్లేది, విశాఖ రేవులో కనపడేంత పెద్దది. ఫోన్లో రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి చూపించండి.

ర్యాష్: “ర్యాష్‌గా నడుపుతున్నాడు” అన్న మాట పిల్లలకి తెలుసు. ఒంటి మీద ఎర్రగా లేచే దద్దుర్లని కూడా అదే స్పెల్లింగుతో అదే మాట అంటారు. రెండు అర్థాలూ చెప్పండి, కానీ ఒకే రోజు వద్దు.

5. విని రాయించండి

చదవడం వచ్చిందని ఇక్కడ ఆపేస్తే సగం పనే అయినట్టు. ముందు వేళ్ల మీద ధ్వనులు లెక్కపెట్టించండి. ఫిష్: ఫ్, ఇ, ష్. మూడు వేళ్లు. పలక మీద మూడు గీతలు గియ్యమనండి, మూడో గీత కాస్త పొడుగ్గా ఉండాలి, రెండక్షరాలు కూర్చోవాలి కాబట్టి. తర్వాత గీతల మీద అక్షరాలు రాయించండి. మూడు ధ్వనులకి నాలుగు అక్షరాలు ఎందుకు వచ్చాయో పిల్ల తన వేళ్లు చూసుకుని తనే చెప్పగలిగితే ఆ జత తన సొంతమైపోయినట్టే.

రోజుకి ఐదు మాటలు చాలు. తప్పు రాస్తే కొట్టివేసి పక్కన పదిసార్లు రాయించొద్దు. తప్పున్న గీత మీద వేలు పెట్టి ఆ ధ్వని మళ్లీ వినిపించండి, తుడిచి సరిచేసుకుంటుంది. పలక వాడమనేది ఇందుకే.

6. వీధిలోకి తీసుకెళ్లండి

వారం గడిచాక ఒక సాయంత్రం బీసెంట్ రోడ్డుకి వెళ్లండి. బోర్డుల మీద ఎస్-హెచ్ ఎక్కడుందో వెతకమనండి. షాప్, షూ, షర్ట్, ఫ్యాషన్, అద్దాల తలుపు మీద పుష్, కౌంటర్ మీద క్యాష్. పెద్ద మాట మొత్తం చదవక్కర్లేదు, జతని గుర్తుపట్టి ‘ష్’ అంటే చాలు. కృష్ణా అన్న మాట మన ఊళ్లో ఎన్ని బోర్డుల మీద ఉంటుందో చెప్పనక్కర్లేదు కదా, దాని నడుమ కూడా ఇదే జత.

బయల్దేరే ముందు రెండు పనులు చెయ్యండి. బోర్డుల మీద ఎక్కువగా క్యాపిటల్ అక్షరాలే ఉంటాయి కాబట్టి జతని ఆ రూపంలో కూడా ఒక కార్డు రాసి చూపించండి. లేకపోతే ఇంట్లో చక్కగా చదివిన పిల్ల రోడ్డు మీద తెల్లమొహం వేస్తుంది, మీరేమో మర్చిపోయిందనుకుంటారు. రెండోది, మన పేర్ల విషయంలో సిద్ధంగా ఉండండి. ప్రకాశం బ్యారేజి దగ్గర బోర్డు చూసి “అమ్మా, ప్రకాశంలో హెచ్ లేదేంటి?” అని పిల్ల అడగొచ్చు. నిజమే, అక్కడ ఎస్ ఒక్కటే రాస్తారు. మన పేర్లని ఇంగ్లీషులో ఎవరికి అలవాటైనట్టు వాళ్లు రాసుకున్నారనీ, ఇంగ్లీషు మాటలకి మాత్రం ఈ జత లెక్క నిలుస్తుందనీ చెప్పండి. అలా అడిగిన పిల్లని మెచ్చుకోండి, అక్షరం అక్షరం చూసి చదువుతోందన్నమాట.

బయటికి వెళ్లడం కుదరకపోతే ఇంట్లో సబ్బు పెట్టె, టూత్ పేస్ట్, మసాలా పొట్లాలు ముందేసుకోండి. ప్రభుత్వ బడిలో చదివే పిల్లలకి తెలుగూ ఇంగ్లీషూ ఎదురెదురు పేజీల్లో ఉండే ద్విభాషా పాఠ్యపుస్తకాలు ఉన్నాయి కదా, అందులో తెలుగు పేజీని కాగితంతో కప్పి, ఇంగ్లీషు పేజీలో జత ఉన్న చోటల్లా పెన్సిల్‌తో గీత గియ్యమనండి. కొత్త పుస్తకాల మీద గీతలు వద్దనుకుంటే లెనిన్ సెంటర్ పాత పుస్తకాల కొట్లలో బొమ్మల కథలు తీసుకోండి, వాటి మీద ఎన్ని గీతలు గీసినా ఎవరూ ఏమీ అనరు.

వచ్చిందో లేదో తెలుసుకోవడం

ఇక్కడే చాలామంది మోసపోతారు. నేర్పిన పది కార్డులూ వరసగా చదివేసిందంటే జత వచ్చినట్టు కాదు, కార్డులు గుర్తున్నట్టు. నేను మూడు రకాలుగా చూస్తాను.

ఒకటి, నేర్పని మాట. షెల్ఫ్, బ్రష్, క్రష్, షిఫ్ట్ రాసి చూపించండి. ఇంతకు ముందు ఎప్పుడూ కార్డు మీద చూడని మాట నెమ్మదిగానైనా తనంతట తను పలికిందంటే చదువుతున్నట్టు. నాకు అన్నిటికంటే నమ్మకమైన గుర్తు ఇదే.

రెండు, లేని మాట. షిబ్, షెప్, వెష్, టిష్. వీటికి అర్థం లేదు, ఊహించి చెప్పే వీల్లేదు. “ఇవి కథలో పిట్టల పేర్లు” అని చెప్పి చదివించండి.

మూడు, జత కాని చోటు. హెచ్-ఐ-ఎస్ రాస్తే అది హిజ్, అతని అని అర్థం. అందులో ఎస్ ఉంది, హెచ్ ఉంది, పక్కపక్కన లేవు. సన్, హెన్, హిజ్, షిన్ అని నాలుగూ కలిపి పెట్టండి. అన్నిట్లోనూ ‘ష్’ అంటే పిల్ల అక్షరాలని విడిగా చూస్తోందని అర్థం, రెండో మెట్టుకి వెనక్కి వెళ్లండి. షిన్ అంటే మోకాలి కింద ముందువైపు ఎముక, మంచం కోడు తగిలితే ప్రాణం పోయినంత పనయ్యేది.

పదింటికి ఎనిమిది తడుముకోకుండా చదివితే తర్వాతి జతకి వెళ్లొచ్చు. వారం ఆగి అవే మాటలు వెనక నుంచి ముందుకి చదివించి, తేదీ వేసి నోటుపుస్తకంలో టిక్కులు పెట్టుకోండి. మనకి గుర్తుండదు, పుస్తకానికి ఉంటుంది.

నెల దాటినా చెవికి స్, ష్ తేడా తెలియకపోయినా, కార్డుని కళ్ల దగ్గరగా పెట్టుకుని చూస్తున్నా “మొద్దు” అన్న మాట నోట్లోంచి రానివ్వకండి. ముందు చెవీ, కళ్లూ డాక్టరుకి చూపించండి. కళ్లజోడు పెట్టిన వారానికే చదువు అందుకున్న పిల్లల్ని నేను చూశాను.

ఎక్కువగా వచ్చే తప్పులు

చివర ఉకారం: ఫిష్షు, క్యాషు, బ్రష్షు. తెలుగు మాట అచ్చుతో ముగియడం మన భాష తీరు. తెలుగులో మాట్లాడేటప్పుడు బ్రష్షు అనడమే సహజం, దాన్ని దిద్దకండి. ఇంగ్లీషు చదివేటప్పుడు మాత్రం చివర నోరు మూసెయ్యమనండి. వదిలేస్తే ఆ ఉకారం రాతలోకి కూడా వచ్చి, మాట చివర ఒక యు చేరుతుంది.

అక్షరాలు తారుమారు: ఎస్-హెచ్ బదులు హెచ్-ఎస్ రాయడం. జతని రెండక్షరాలుగా కాకుండా కలం ఎత్తకుండా ఒకే ఆకారంగా గాల్లో రాయించండి, తగ్గుతుంది.

మొదటి అక్షరం చూసి ఊహించడం: షట్ అని ఉంటే షాప్ అనేస్తారు. అందుకే కార్డు మీద బొమ్మ వెయ్యకండి. బొమ్మ ఉంటే కళ్లు దాని మీదకే పోతాయి.

పెద్దవాళ్లు అందివ్వడం: పిల్ల తడబడగానే మాట మనమే చెప్పేస్తాం. మనసులో పది లెక్కపెట్టే దాకా ఆగండి. కష్టమే, కానీ ఆ పది అంకెల మధ్యలోనే పిల్ల నేర్చుకునేది.

తర్వాత ఏ జతలు

సి-హెచ్: గుంటూరు వాళ్లు కావాలంటే దీనితోనే మొదలుపెట్టుకోవచ్చు. మిర్చి అన్నా చిల్లీ అన్నా అందులో ఈ జతే, బస్తాల మీద, కోల్డ్ స్టోరేజీ బోర్డుల మీద ఎక్కడ చూసినా ఉంటుంది. బ్రాడీపేటలో ఉండే మా చెల్లెలు వాళ్లబ్బాయికి అలాగే నేర్పింది. చిన్ అంటే గడ్డం, చాప్ అంటే తరగడం, రిచ్ అంటే డబ్బున్న, మచ్ అంటే చాలా, బెంచ్, లంచ్ మనకి తెలిసినవే. స్కూల్‌లో ఇదే జత ‘క్’ అవుతుంది, మెషీన్‌లో ‘ష్’ అవుతుంది. అవి తర్వాత.

సి-కె: దీనికి ఒక్క నిమిషం చాలు. ఎప్పుడూ మాట మొదట్లో రాదు, పొట్టి అచ్చు వెనకే వస్తుంది. లాక్, నెక్, బ్యాక్, సిక్, డక్. తాళం, మెడ, వెనక, ఒంట్లో బాగాలేక, బాతు. క్రికెట్‌లో సున్నాకి అవుటైతే డకౌట్ అంటారు కదా, సున్నా బాతుగుడ్డులా ఉంటుందని పుట్టిన మాట అది. మిల్క్‌లో, బుక్‌లో సి లేదేమని అడిగితే చెప్పండి: మిల్క్‌లో మధ్యన ఎల్ ఉంది, బుక్‌లో ‘ఓ’ అక్షరం రెండుసార్లు ఉంది, అందుకే అక్కడ కె ఒక్కటే.

టి-హెచ్: ఇక్కడ ఆగి నడవాలి. ఈ జతకి రెండు పలుకులు. థిన్ సన్నని, థిక్ మందమైన, బాత్ స్నానం, పాత్ దారి, మాత్ చిమ్మెట, ఇవన్నీ ఒక గుంపు. దిస్ ఇది, దట్ అది, దెన్ అప్పుడు, దెమ్ వాళ్లని, ఇవి రెండో గుంపు. మాట మొదట్లో ‘ద’ పలికేవన్నీ ఇలాంటి చూపించే మాటలు, కలిపే మాటలే అని చెప్తే పిల్లలకి సులువుగా తెలుస్తుంది.

అసలు చిక్కు రాతలో. దిస్ రాయమంటే మన పిల్లలు డి-ఐ-ఎస్ అని రాస్తారు. ఎందుకో నాకు చాలాకాలం అర్థం కాలేదు. ఒక పాప చెప్పింది: “దుర్గమ్మ పేరు డి-తోనే కదా మిస్ రాసేది?” ఎంత సరిగ్గా ఆలోచించిందో చూడండి. మన పేర్లలో ‘ద’కి డి రాస్తాం, స్వాతి, గీత అన్నప్పుడు ‘త’కి టి-హెచ్ రాస్తాం. ఉత్తరాదిన అదే గీతని టి ఒక్కదానితో రాస్తారు. ఇంగ్లీషు మాటల్లో డి అంటే ‘డ’, ‘ద’ వినపడితే టి-హెచ్. పేర్లకో పేజీ, మాటలకో పేజీ నోటుపుస్తకంలో విడిగా పెట్టి, దుర్గ ఒక పేజీలో, దిస్ ఇంకో పేజీలో రాయించండి. వారం రోజులు అలా వేరుగా చూస్తే కలగాపులగం పోతుంది.

ఈ-ఈ: షీప్, ట్రీ, సీడ్, ఫీట్, వీక్. గొర్రె, చెట్టు, విత్తనం, పాదాలు, వారం. దీర్ఘం, హ్రస్వం తేడా తెలిసిన తెలుగు పిల్లలకి షిప్‌కీ షీప్‌కీ తేడా చిటికెలో వస్తుంది.

ఓ-ఓ: దీన్ని చివరికి ఉంచండి. బుక్, కుక్, గుడ్, ఫుట్ లాంటి పొట్టివి ఒక డబ్బాలో. మూన్, రూమ్, ఫూడ్, స్పూన్ లాంటి పొడుగువి ఇంకో డబ్బాలో. స్పెల్లింగు చూసి ఏది ఏ డబ్బాలోదో తేల్చే గట్టి సూత్రం లేదు, కె ముందు వస్తే ఎక్కువగా పొట్టిదన్న ఒక్క ఆనవాలు తప్ప. అందుకని రెండు రకాలుగానూ పలికి చూసి, తెలిసిన మాట ఏదవుతుందో తేల్చుకోమనండి. ‘మున్’ అన్న మాట మనం వినలేదు, మూన్ విన్నాం.

రెండు డబ్బాల్లోనూ ఇమడని నాలుగు మాటలుంటాయి. బ్లడ్, ఫ్లడ్, డోర్, ఫ్లోర్. వీటికి చిన్న అగ్గిపెట్టె ఒకటి కేటాయించండి, రోజూ పడుకునే ముందు ఒకసారి తీసి చదివించండి. ఫ్లడ్ అంటే ఏమిటో 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్ నగర్ వైపు ఉన్న పిల్లలకి ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది. మా దగ్గరికి వచ్చే ఆ వైపు పాపకి అగ్గిపెట్టెలోంచి ఆ కార్డు తీసి చూపిస్తే, “ఓ-ఓ ఉంది కానీ ఊ అనకూడదు మిస్, ఇది మా ఇంట్లోకి వచ్చింది” అని చదివింది. మిగతా మూడూ రావడానికి ఇంకో పది రోజులు పట్టింది.